మాదేపారా

బిలాస్‌పూర్, మహాదేవ్ పారా,
1986 జూలై 20, ఆదివారం.

అప్పకి నర్సమ్మ దండాలు.

ఈ చెల్లెలికి ముందు నీ మోకాళ్ళ సంగతి రాయించు. ఇక్కడ వాన మొదలైతే నా కాళ్ళకంటే ముందు నీ కాళ్ళే గుర్తుకొస్తాయి. మంగాయమ్మకు ఆ తలపోటు తగ్గిందా? ఎండలో బట్టలు ఆరేస్తూ నిలబడవద్దని నీ కూతురికి నా మాటగా చెప్పు. అల్లుడు శంకరరావుగారికి రక్తపోటు ఉందని పోయిన ఉత్తరంలో రాయించావు. అప్పటినుంచి ఉప్పు డబ్బా ముట్టుకుంటే చాలు, ఆయనే కళ్ళముందుకొస్తున్నారు. మనవరాలు ఉషారాణి బళ్ళో టీచరుగా చేరి రోజూ బస్సెక్కి వెళ్తోందట కదా, ఆ డ్రైవరు నెమ్మదస్తుడేనా? ఇన్ని అడుగుతున్నానని విసుక్కోకు. ఒక్కరిని అడగడం మరిచిపోయినా ఆ ఒక్కరికే ఏదో అయిందని నా ప్రాణం కొట్టుకుంటుంది.

ఇక్కడ నాకు ఆయాసం మామూలే. రమణబాబు రైల్వే డీజిల్ షెడ్డుకి డ్యూటీకి వెళ్ళొస్తున్నాడు. కోడలికి జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిందని వాళ్ళంటున్నారు, నేనింకా నమ్మలేదు.

అప్పా, ఒక పెద్ద చిక్కు వచ్చి పడింది. సర్కారువాళ్ళు బస్తీల్లో ఉన్నవాళ్ళకి ఇళ్ళ పట్టాలు ఇస్తారట. ఎప్పటినుంచి ఉంటున్నామో రుజువు చూపించాలట. మన దగ్గర ఏముంది? వరదలో తడవనిది చెదలు తినేసింది. రుజువు లేకపోతే మన నేలని ఖాళీ జాగా అని రాసుకుంటారట. రైలు యార్డు పక్కన ఇంత ఖాళీ జాగా కనబడితే ఎవరూరుకుంటారు? గోదాములు కట్టడానికి అప్పుడే ఎవరో వచ్చి టేపుతో కొలిచి వెళ్ళారని చెప్పుకుంటున్నారు. అది విన్ననాటినుంచి నాకు ఇంటి గోడలు తాకి చూసుకోవడం అలవాటైపోయింది.

రమణబాబూ, వాడి బస్తీ కమిటీ కుర్రాళ్ళూ ఒక ఉపాయం పన్నారు. గుడి ఉన్నచోటికి బుల్డోజరు రాదట. ఊరి పేరు మహాదేవ్ పారా, అంటే మహాదేవుడి పేట, అని ఉండనే ఉంది కదా, దేవుడొక్కడే తక్కువన్నారు. అర్పా నది ఒడ్డునుంచి నున్నటి రాయి ఒకటి రిక్షాలో ఎక్కించుకొచ్చి మన నూతి పక్కన నిలబెట్టారు. కుదుదండ్ నుంచి పూజారిని పిలిచి విభూతి రాయించారు. మనం రాకముందే ఈ శివుడు ఇక్కడ వెలిశాడనీ, ఆయన చుట్టూ మనం ఇళ్ళు వేసుకున్నామనీ కథ. దసరా తరవాత వచ్చే పట్టాల ఆఫీసరుకి ఆ కథ చెప్పాల్సింది నేనట. బావగారు పోయాక నువ్వు కూతురి దగ్గరికి వెళ్ళిపోయావు, మొదట వచ్చినవాళ్ళలో ఇక్కడ మిగిలింది నేనొక్కదాన్నే కదా.

“అచ్ఛా అమ్మా, నువ్వు ఎక్కువ మాటాడకు. ‘మందిర్ పహలే సే థా’ అను. గుడి ముందునుంచీ ఉంది, బస్, ఖతం,” అంటాడు రమణబాబు.

“అలగనీసి, ఆ దేవుడు నా నోరు పడగొట్టీస్తే?” అన్నాను.

“పడగొట్టనీ. ఇంట్లో కొన్నాళ్ళు శాంతి ఉంటాది.”

కోడలు లోపలినుంచి నవ్వింది. నవ్వేవాళ్ళకేం అప్పా. అబద్ధమాడితే శివుడితో పేచీ, ఆడకపోతే కొడుకు ఇల్లు పోతుంది. ఎందుకైనా మంచిదని రోజూ పొద్దున్నే ఆ రాయికి చెంబుడు నీళ్ళు పోస్తున్నాను.

మనం వచ్చినప్పుడు అక్కడ ఏ రాయీ లేదు కదా? అప్పుడు నాకు పదహారో పదిహేడో, పెళ్ళైన కొత్త, భయంతో కళ్ళు సగం మూసుకుని తిరిగేదాన్ని. ఉన్నా నేను చూడలేదేమోనని ఇప్పుడు అనుమానం వస్తోంది. నువ్వొక్కదానివే చెప్పగలవు. తొందరగా రాయించు.

నీ
నర్సమ్మ


బొబ్బిలి,
1986 ఆగస్టు 9.

ఒలె నర్సమ్మా,

నీకు అప్ప దీవెనలు. నేను చెబుతుంటే ఉషారాణి రాస్తోంది. అన్నది అన్నట్టు రాయవే అంటే, ‘అమ్మమ్మా, పుస్తకాల తెలుగులోకి దిద్ది రాస్తాను’ అంటోంది. టీచరమ్మ కదా, దిద్దనీ.

ఇక్కడ అందరూ బాగానే ఉన్నారు. బస్సు డ్రైవరు నెమ్మదస్తుడే. ఎంత నెమ్మదంటే, ఇది బడికి వెళ్ళేసరికి ప్రార్థన అయిపోతోంది. నా మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి. మిగతా ఒళ్ళంతా బాగుంది.

నువ్వడిగినదానికి జవాబు. రాయి లేదు, శివుడు లేడు. ఇంజన్లు పారబోసిన బూడిద ఉండేది, పీకినా మళ్ళీ మొలిచే బేశరం పొదలుండేవి, పొద్దు వాలితే నక్కలుండేవి. అంతే. ఊరికే నీ కళ్ళని అనుమానించకు.

ఈ ఉత్తరం రమణబాబుకి చదివి వినిపించు. వాడికి తెలియదు కాబట్టి మొదటినుంచి చెబుతున్నాను. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. మీ బావగారు గతౌరా వైపు పట్టాల మీద గ్యాంగుమేను. రైల్వేవాళ్ళిచ్చిన క్వార్టర్ ఒకటే గది. ఊళ్ళో పంటలు పోయి మన వైపునుంచి జనం షెడ్డులో బొగ్గు పనికి వచ్చేవారు. బిలాస్‌పూర్‌లో బండి దిగితే వాళ్ళకి తెలిసిన గుమ్మం నాదొక్కటే. గదిలో పట్టకపోతే వరండా, వరండా నిండితే మెట్లు, మెట్లూ నిండితే నీళ్ళ ట్యాంకు కింద. నువ్వూ నీ మొగుడూ వచ్చి నెలైనా కాలేదు, మీకు తలుపు వెనక చాపంత జాగా ఇచ్చాను.

ఇనస్పెక్టరు చూడ్డానికొచ్చాడు. ‘క్వార్టర్లో ఫ్యామిలీ ఒక్కటే ఉండాలి’ అన్నాడు.

“ఈలంతా పేమిలీయే బాబూ,” అన్నాను. (ఈ మాట దిద్దొద్దన్నాను, అలాగే రాసింది.)

‘అయితే అందరూ ఖాళీ చెయ్యండి’ అన్నాడు. సరే, అందరం వెళ్తామని గంజికుండ నెత్తిన పెట్టుకుని మెట్లు దిగాను. వెనక్కి చూడలేదు. చూస్తే ఏడుస్తానని నాకు తెలుసు. యార్డు దాటి నడిచి, ఎవరూ లెమ్మని కేక వెయ్యని చోట కుండ దించాను. ఊరు మొదలైంది అక్కడే.

ఆ రోజునుంచి కొత్తగా ఎవరు దిగినా మొదటిపూట గంజి నా పొయ్యి మీదే. మర్నాడు పొద్దున్న చేతిలో గునపం పెట్టేదాన్ని. గంజి తాగినవాడు గునపం పట్టాలి. కులం అడగలేదు, ఊరు అడగలేదు. నుయ్యి అలాగే తవ్వాం. నేను చీర బిగించి లోపలికి దిగేదాన్ని, మీరు పైనుంచి తట్టలు లాగేవారు. నువ్వు గట్టుమీద నిలబడి ‘తాడు తెగిపోతాది, తాడు తెగిపోతాది’ అని రోజంతా అరిచేదానివి. నీ అరుపు పడలేక రోజూ తాడు తిప్పి చూసి ముడులు మార్చేవాళ్ళం. మట్టి విరిగిపడిన రోజున ఆ తాడే నన్ను పైకి లాగింది. భయం కూడా ఒక పనిముట్టేనే, వాడుకోవడం తెలియాలి.

ఇక పేరు. తరవాత ఎప్పుడో ఒక మున్షీ సున్నం డబ్బాతో వచ్చి గుడిసెలకి నంబర్లు వేశాడు. ‘యే కిస్కా హై?’ అన్నాడు. ఎవరిది, యజమాని పేరు చెప్పు అని. ఆయన పేరు నా నోటితో ఎలా చెప్పను? ఆయన పేరులో ఉన్నాడని సింహాచలం దేవుణ్ణి కూడా ‘కొండమీదాయన’ అనే మొక్కుకున్నదాన్ని. అందుకని చెయ్యి నాలుగువైపులా తిప్పి “మాదే” అన్నాను. ‘క్యా?’ అన్నాడు. వాడికి వినబడలేదేమోనని “మాదే, మాదే!” అని గట్టిగా అరిచాను. ‘అచ్ఛా! మహాదేవ్!’ అని రాసుకుని, చెంపలు వేసుకుని, దండం పెట్టి మరీ వెళ్ళాడు. వాడు అటు వెళ్ళగానే మనమెంత నవ్వామో! ‘మాదేపారా, మాదేపారా’ అని ఒకరినొకరు పిలుచుకునేవాళ్ళం. నవ్వినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు, మహాదేవుడు మిగిలాడు.

కాబట్టి అబద్ధం చెప్పకు. అలాగని తెచ్చిన దేవుణ్ణి పొమ్మనీ అనకండి. కొత్తగా దిగినవాళ్ళకి మన దగ్గర మొదటిపూట గంజి ఎప్పుడూ ఉంది, ఆయనకీ పొయ్యండి. మనకంటే ముందొచ్చాడని మాత్రం అనొద్దు.

ఇంకొక్క మాట. ఊరు కట్టింది ఎవరని అడిగితే మీ బావగారని చెప్పు. ఎక్కడైనా పేరు చెక్కితే ఆయన పేరే చెక్కించండి. నా ఊసు ఎత్తకండి.

మీ అప్ప
అసిరమ్మ


బిలాస్‌పూర్,
1986 సెప్టెంబరు 21.

అప్పకి నర్సమ్మ దండాలు.

మోకాళ్ళకి ఆముదం కాచి రాస్తున్నారా? వేడి ఎక్కువైతే తోలు కాలుతుంది, చెయ్యి పెట్టి చూసి రాయమను.

ఆఫీసరు వచ్చి వెళ్ళాడు. దసరా తరవాత అన్నవాడు ముందే ఊడిపడ్డాడు. నూతి దగ్గర కుర్చీ వేశారు. ఎండకి ఒకడు గొడుగు పట్టాడు. కోడలు టీ పట్టుకెళ్ళింది, కప్పుకి చెవి విరిగి ఉందని నేను అప్పుడే చూశాను. నన్ను పిలిచి పేరడిగాడు, చెప్పాను. ‘పతి కా నామ్?’ అన్నాడు.

మీ మరిది పోయి ఇన్నేళ్ళయింది, ఆయన పేరు నేనెప్పుడు పలికాను? ‘రమణబాబు నాన్న’ అన్నాను. అతను కలం ఎత్తి పట్టుకుని అలాగే చూస్తున్నాడు. చివరికి రమణబాబు చెప్పాడు. అది అయిందనుకుంటే ‘మందిర్ కబ్ సే హై?’ అన్నాడు, గుడి ఎప్పటినుంచి ఉందని. కమిటీవాళ్ళంతా నా నోటివైపే చూస్తున్నారు. నీ ఉత్తరం నా జాకెట్లోనే ఉంది. అబద్ధం చెప్పకన్న నీ మాట అక్కడ గుచ్చుకుంటోంది. నాకు దగ్గొచ్చింది. దగ్గి దగ్గి, “మందిర్ మే… పానీ డాలా,” అన్నాను. గుడిలో నీళ్ళు పోశాను అని! అడిగిందేమిటి, నేను చెప్పిందేమిటి. రమణబాబు నెత్తి కొట్టుకున్నాడు.

ఆఫీసరు మాత్రం నవ్వాడు. “హర్ బస్తీ మే భగవాన్ పహలే ఆయా. ఆద్మీ కోయీ నహీ ఆయా క్యా?” అన్నాడు. ప్రతి బస్తీలోనూ దేవుడే ముందొచ్చాడంటున్నారు, మనిషన్నవాడు ఎవడూ రాలేదా అని. మొదట దిగిన మనిషి బతికి ఉంటే తీసుకురండి, ఆ మనిషి నోటితో చెప్పింది రాసుకుంటాను, గుడి కథలు నాకొద్దు, దీపావళి తరవాత మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం రమణబాబు నామీద కేకలేస్తుంటే నీ ఉత్తరం వాడి ముందు పెట్టాను. తిరగేసి చూసి, “తెలుగు నాకెక్కడొస్తాదమ్మా, నువ్వే చదువు,” అన్నాడు. కమిటీ కుర్రాళ్ళు కూడా వచ్చి మెట్లమీద కూర్చున్నారు. నేను కూడబలుక్కుని చదివాను. ‘పేమిలీయే బాబూ’ దగ్గర నవ్వు మొదలైంది, ‘మాదే, మాదే’ దగ్గరికి వచ్చేసరికి ఒకడు మెట్టుమీదనుంచి జారిపడ్డాడు. రమణబాబు ఒక్కడే నవ్వలేదు. నుయ్యి వైపు చూస్తూ, “పెద్దమ్మని పిలిపించమ్మా. దేవుడు పనికిరాడు, పెద్దమ్మే కావాల,” అన్నాడు.

అందుకని నిన్ను రమ్మని రాస్తున్నాను. గుడి మాట దగ్గర తడబడ్డ నా సాక్ష్యం అతను ఇక నమ్మడు, నువ్వు రాకపోతే మాకు రుజువు లేదు.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఊరు కట్టింది బావగారని చెప్పమన్నావు. అదీ అబద్ధమే కదా అప్పా? మనం కుండలు నెత్తినెట్టుకుని దిగినప్పుడు ఆయన రాలేదు, గుంపు ఖాళీ అయ్యాక ఇనస్పెక్టరూ ఆయన్ని కదపలేదు. “ఉన్న ఇల్లు ఒగ్గీసి బూడిదలో కూకోడానికి నానేటి సన్నాసినా?” అని క్వార్టర్‌లోనే ఉండిపోయారు. పూటకి వచ్చి అన్నం తిని వెళ్ళేవారు. నూతిలో నీళ్ళు పడ్డాక పెట్టె పట్టుకుని వచ్చారు. రాయి మనకంటే ముందొచ్చిందని చెప్పొద్దన్నావు, మరి బావగారు ముందొచ్చారని ఎలా చెప్పను? కోపం తెచ్చుకోకు. నేనడిగింది తప్పేమోనని ఉత్తరం డబ్బాలో వేశాక కూడా భయపడతాను.

నీ
నర్సమ్మ


బొబ్బిలి,
1986 అక్టోబరు 5.

నర్సమ్మకు,

ఉత్తరం అందింది. నేను రాలేను. బండిలో అంత దూరం ఈ మోకాళ్ళతో కూర్చోలేను. ఆఫీసరుకి నువ్వే చెప్పు. నీకు నోరు లేదా? తాడు దగ్గర ఉన్న నోరు ఏమైంది?

మీ బావగారి సంగతి ఇంకెప్పుడూ ఎత్తకు. ఆయన పోయారు. పోయినవాళ్ళు వచ్చి తమ మాట చెప్పుకోలేరు. పదిమంది ముందు నేను నిలబడి, నా మొగుడు నావెంట రాలేదు, గట్టి ఇంట్లో కూర్చుని నేను వండింది తిని పోయాడు అని చెప్పాలా? కాపురంలో నేను ఆయన్ని ఎన్ని అన్నా నాలుగు గోడల మధ్య అన్నాను. బయట ఆయన తల దించనివ్వలేదు, ఇప్పుడూ దించనివ్వను. ఆయన పేరు చెప్పడం నీకు ఇష్టం లేకపోతే ఎవరి పేరూ చెప్పకు.

కోడలి ఒంట్లో ఎలా ఉందో రాయి.

అసిరమ్మ

చిన్నమ్మమ్మకు ఉషారాణి నమస్కారాలు. ఈ కింది నాలుగు ముక్కలు అమ్మమ్మకు తెలియకుండా రాస్తున్నాను. మోకాళ్ళు అసలు కారణం కాదు. అమ్మమ్మకు చూపు దాదాపు పోయింది. ఆపరేషన్ చేసే దశ దాటిందని డాక్టరు అన్నారు. వెలుతురూ చీకటీ తెలుస్తాయి, మనుషుల్ని గొంతు వినే గుర్తుపడుతుంది. మీకు రాయొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది. “బిలాసపూర్లో దారి తెలీనోళ్ళు నన్నడిగి ఎల్లీవోరు. ఇప్పుడు నన్నొకళ్ళు సెయ్యట్టుకుని ‘ఇదిగో నుయ్యి’ అని సూపించాలేటి?” అని నిన్న అంది. అప్పలస్వామి తాతయ్య విషయంలో కూడా మొండిగానే ఉంది. మీరు ఏదో ఒకటి చెయ్యండి. నేను రాశానని మాత్రం తెలియనివ్వకండి.


బిలాస్‌పూర్,
1986 అక్టోబరు 19.

అప్పకి నర్సమ్మ దండాలు.

నీ ఉత్తరం వచ్చినప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు. అందులోని నీ కోపానికి కాదు. నీ కోపం నాకు అలవాటే.

నీ మోకాళ్ళ గురించే ఆలోచిస్తున్నాను. బండి మెట్లు ఎత్తుగా ఉంటాయి, ఉషారాణి చెయ్యి పట్టుకుంటుంది. ఇక్కడ దిగాక రమణబాబు చెయ్యి పట్టుకుంటాడు. మన పారాలో ఈమధ్య మొరం కంకర పోసి దారులు ఎగుడుదిగుడు చేశారు, కుర్రవాళ్ళే తడబడుతున్నారు, నేనైతే ఎవరిదో ఒకరి చెయ్యి పట్టుకునే నడుస్తాను. ఆయాసం కదా. నువ్వొస్తే నీ చెయ్యి పట్టుకుంటాను. అందరూ నువ్వే నన్ను నడిపిస్తున్నావనుకుంటారు. నిజం కూడా అదే. నేను ఏ రోజున నీ చెయ్యి పట్టుకోకుండా నడిచాను?

ఇక బావగారి సంగతి. ఎత్తొద్దన్నావు. ఇంతవరకూ నువ్వు వద్దన్న పని నేను చెయ్యలేదు. ఈ ఒక్కసారి ఎత్తుతాను. ఆగి ఆగి రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఉషారాణిని ఓపిగ్గా చదవమను.

ఆయన రాలేదన్న సంగతి నువ్వు దాస్తున్నాననుకుంటున్నావు. మహాదేవ్ పారాలో అది తెలియనివాళ్ళు లేరు అప్పా. చెప్పింది ఎవరో కాదు, బావగారే. రిటైరయ్యాక రోజూ అమ్మన్న టీ కొట్టు దగ్గర కూర్చునేవారు కదా, కొత్తగా ఎవరు దిగినా దగ్గరికి పిలిచి ఆయనే మొదలుపెట్టేవారు.

“ఊరు నాది కాదురా, మాయావిడిది. నాను ఎనకాల దిగినోణ్ణి. పెట్టట్టుకుని వచ్చేసరికి ఏటందనుకున్నావు? మొగుడని సూసిందేటి? నాకూ మొదటిపూట గంజే పోసింది. తెల్లారేసరికి సేతిలో గునపం ఎట్టీసింది!”

అలా చెప్పి అందరికంటే ఆయనే గట్టిగా నవ్వేవారు. ఎవరైనా ‘మీకు సిగ్గనిపించలేదా’ అంటే, “అనిపించింది. అందుకే గునపం గట్టిగా అట్టుకున్నాను,” అనేవారు. ఒకసారి మన వీధి అప్పారావు తాగొచ్చి ‘ఆడదాని ఊరు’ అని వెటకారం ఆడాడు. బావగారు కర్ర పుచ్చుకుని, “అవున్రా, ఆడదాని ఊరే. నువ్వు తాగే నీళ్ళు ఆడది తవ్విన నూతివి. ఉంటే ఉండు, నేదంటే ఎల్లిపో!” అని నుయ్యిదాకా తరిమారు.

ఇదంతా నీ ఎదుట ఎవరూ అనేవారు కాదు. నీకు తెలిసే ఉంటుందని నేననుకున్నాను. పోయిన ఉత్తరం చదివాక గాని నీకు తెలియదని నాకు తెలియలేదు. రమణబాబుని అడిగితే, “పెదనాన్న చెప్పే కహానీ కదా, మాకందరికీ నోటికొచ్చు,” అన్నాడు. ఆయన తల నువ్వు ఎత్తి పట్టుకోనక్కర్లేదు అప్పా. ఆయనే వంచి నవ్వారు, అందుకే అది ఎవరి ముందూ దిగలేదు.

ఆఫీసరు నవంబరు ఇరవై ఐదు, మంగళవారం వస్తానని కబురంపాడు. మొదట దిగిన మనిషి లేకపోతే ఖాళీ జాగా అని రాసేస్తాడట. గోడలు తాకి చూసుకుంటున్నానని అప్పుడు రాశాను కదా, ఇప్పుడు పక్కింటి గోడలు కూడా తాకుతున్నాను. నీ గంజి తాగినవాళ్ళ పిల్లలు, వాళ్ళ పిల్లలు ఇక్కడ ఉన్నారు. వాళ్ళకి నీ పేరు తెలుసు, నువ్వు తెలియదు.

చలి మొదలవుతుంది, దుప్పటి మరిచిపోకండి. నువ్వు వస్తున్నావన్నట్టే రాసేశాను చూశావా. భయం వేస్తే ఇలాగే రాస్తాను.

నీ
నర్సమ్మ


బొబ్బిలి,
1986 నవంబరు 6.

ఒలె నర్సీ,

నీ ఉత్తరం ఉషారాణి చేత రెండుసార్లు చదివించుకున్నాను. మూడోసారి చదవమంటే అది ఉత్తరం వాళ్ళమ్మ చేతికిచ్చేసింది. మంగాయమ్మ చదివింది.

ఆ మాట ఆయన నాతో ఒక్కసారి కూడా అనలేదే. ఇన్నేళ్ళ కాపురంలో అన్నం ఉడకలేదని అన్నారు, చీర ఖరీదెక్కువని అన్నారు, మంగాయమ్మ పెళ్ళినాడు నేను మరీ గట్టిగా మాట్లాడానని అన్నారు. ఇది మాత్రం అనలేదు. టీ కొట్టు దగ్గర ఊరందరికీ చెప్పారు, గుమ్మం దాటి లోపలికొచ్చి నాకు చెప్పలేకపోయారు. నేను మాత్రం ఆయన మనసులో ఆ సిగ్గు ఎక్కడ రేగుతుందోనని, క్వార్టర్ మాట వస్తే చాలు, కూర మాట ఎత్తి దాటించేదాన్ని. ఇద్దరం ఒకరినొకరు కాపాడుకుంటూ ముసలివాళ్ళమైపోయాం. చెప్పి ఉంటే ఇద్దరం కలిసి నవ్వుకునేవాళ్ళం కదా.

నిన్న పెరట్లో కూర్చుని కాసేపు ఏడ్చాను. తరవాత ఆ గునపం సంగతి గుర్తొచ్చి నవ్వొచ్చింది. నిజమే, ఇచ్చాను. పట్టుకోవడం రాక మొదటి పోటు తన చెప్పుమీదే పొడుచుకున్నారు. ఆ ముక్క ఎవరికీ చెప్పి ఉండరు.

నా కళ్ళ సంగతి ఉషారాణి నీకు రాసిందని తెలిసిపోయింది. మోకాళ్ళు నొప్పని చెప్పినదాన్ని పట్టుకుని పేరా అంతా ‘చెయ్యి పట్టుకుంటాను, చెయ్యి పట్టుకుంటాను’ అని రాస్తే తెలియదా? నీకు దాచడం రాదే. అవును, కనబడదు. రంగులు ముందు పోయాయి, తరవాత మొహాలు పోయాయి. ఒట్టు తప్పిందని దాన్ని రెండు రోజులు సాధించాను, ఇప్పుడు మానేశాను.

వస్తాను. ఆఫీసరు ముందు ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఎందుకు దిగాం, ఎవరెవరం దిగాం, ఎవరు తరవాత వచ్చారు, అన్నీ. అతను మొగుడి పేరు అడుగుతాడు కదా. అదొక్కటీ నేను చెప్పను, ఈ వయసులో కొత్త అలవాట్లు నాకొద్దు. రమణబాబుని పక్కన నిలబడి చెప్పమను, గట్టిగా చెప్పమను, వెనక దిగినవాడని కూడా చెప్పమను. ఊరెవరిదని అడిగితే మాత్రం ఎవరూ నోరెత్తకండి. ఆ జవాబు నాది. ఈసారి అతను సరిగ్గా రాసుకునేదాకా కదలను.

నన్ను చూసి ఎవరూ అయ్యో అనకుండా నువ్వు చూసుకో. స్టేషన్లో జనం పోగవ్వొద్దు, దండలు వద్దు. నువ్వొక్కదానివే ముందు నిలబడి పిలు. మామూలుగా పిలిచినట్టే, ‘అప్పా, జాగ్రత్త, జాగ్రత్త’ అని అరుస్తూ పిలిస్తే చాలు, ఎటు నడవాలో నాకు తెలుస్తుంది.

ఉషారాణి బళ్ళో సెలవు అడిగింది, ఇచ్చారు. ఇక్కడ బొబ్బిలిలో ఎక్కి రాయపూర్‌లో బండి మారుతాం. ఆఫీసరు మంగళవారం కదా, రెండు రోజులు ముందే వస్తే గడపగడపకీ వెళ్ళి ఎవరి గొంతు ఎవరిదో నేర్చుకోవచ్చు. దుప్పట్లు తెచ్చుకుంటున్నాం, నువ్వు బెంగ పడకు. నవంబరు ఇరవై మూడు, ఆదివారం పొద్దున్న బిలాస్‌పూర్‌లో దిగుతాం.

మీ అప్ప
అసిరమ్మ